పెట్టెలతోనే నడిపి చూడండి

మోటార్‌సైకిళ్ల షోరూములో టెస్ట్ రైడ్ చూసుకునే పని చేశానంటే చాలామంది నవ్వుతారు. తాళం చేతికిచ్చి, వాళ్లు ఒక చుట్టు తిరిగొచ్చాక "ఎట్లుంది సార్" అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనా అంటారు. నేను పద్నాలుగేళ్లు ఆ పని చేశాను. కోలారు హైవే పక్కన ఉన్న ఒక షోరూములో, దూరప్రయాణాలకని చేసే పెద్ద బళ్లను కొనబోయేవాళ్లకు చూపించాను. చివరికి ఆ షోరూమువాళ్లే నన్ను బయటికి పంపించారు. అది కూడా రాస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు, అనుభవంలో తెలిసింది చెప్పమని అడిగారు. కంపెనీల పేర్లు రాయను. ఇది నా తరఫు మాట మాత్రమే. అవతలివాళ్లకు షోరూములున్నాయి, బోర్డులున్నాయి, తమ తరఫున మాట్లాడటానికి జీతమిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. వాళ్ల సంగతి వాళ్లు చెప్పుకుంటారు.

గనిలో

మా తాత పలమనేరు దగ్గరి పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. నాయన కూడా గనిలోనే చేశాడు. నేను చేరేనాటికి గని సర్కారుది. నేను భూమిలోకి దిగే పని చేయలేదు. పైన వైండింగ్ ఇంజను దగ్గర ఫిట్టరుగా ఉండేవాణ్ణి. మనుషులు నిలబడే ఇనుప కేజీని ఉక్కు తాడుతో వేల అడుగులు కిందికి దింపి, మళ్లీ పైకి లాగే యంత్రం అది.

మా ఫోర్‌మన్ పేరు దొరస్వామి. ప్రతి ఉదయం మొదటి షిఫ్టువాళ్లు కేజీ ఎక్కే ముందు, ఖాళీ కేజీని ఒకసారి కింది దాకా పంపి తెప్పించేవాడు. ఒకరోజు షిఫ్టు ఆలస్యమైంది. ఒక ఆఫీసరు వచ్చి, నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచిందిగా, మనుషుల్ని దింపేయండి అన్నాడు. దొరస్వామి కాదని కూడా అనలేదు. గేటుకు అడ్డంగా నిలబడి, ఖాళీ కేజీని పంపమని మాకు చెయ్యి ఊపాడు. వంద మంది, ఆ ఆఫీసరు, అందరూ అది తిరిగొచ్చేదాకా నిలబడ్డారు. కేజీలో ఏ లోపమూ లేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఏమీ లేనిదానికి అంతమందిని నిలబెట్టినామే అన్నాను.

"ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది కదప్పా. తెలీకుండా మనుషుల్ని దింపేదానికి నాకు చేతకాదు" అన్నాడు.

గని మూసేసినప్పుడు నాకు నలభై దాటాయి. గని కార్మికులకు కట్టిన మా లైన్ల ఇళ్లలో సగం మంది మారికుప్పం నుంచి తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు పోయి పని చేసి వచ్చేవాళ్లు. నేనూ రెండేళ్లు అట్లా తిరిగాను. ఆ తర్వాత కోలారులో చలపతిగారు షోరూము తెరిచారని తెలిసి వెళ్లి మెకానిక్కుగా చేరాను. ఏడాది తిరిగేసరికి టెస్ట్ రైడ్ పని నాకు అప్పగించారు.

పని అసలు ఏమిటి

చలపతిగారు నన్ను తీసేసిన మనిషి. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నది ఆయన దగ్గరే నేర్చుకున్నానని చెప్పాలి. కొనేవాడి కళ్లు ట్యాంకు మీద ఉంటాయి, నువ్వు అతని కాళ్లు చూడు అని మొదటిరోజే చెప్పారు. బండి మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయా, మునివేళ్లే ఆనుతున్నాయా అన్నదాన్ని బట్టి ఆ మనిషి ఆరు నెలల తర్వాత ఏమంటాడో చెప్పొచ్చు. ఆయన చెప్పేవారు కూడా. ఒక్కసారీ తప్పలేదు.

మిగిలింది నేను సొంతంగా కూర్చుకున్నాను. షోరూములో మామూలుగా చూపించే టెస్ట్ రైడ్ ఒక కిలోమీటరు. నున్నటి రోడ్డు, ఒక్కడే మనిషి, ఖాళీ బండి. దాన్ని నేను టెస్ట్ రైడ్ అనను. చీర కట్టుకోకుండా భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోవడం లాంటిది. నేను ముందు ఇంజను ఆపేసి, బండిని వెనక్కి తొయ్యమనేవాణ్ణి. అది చేతకానివాడు ఏ కొండదారిలోనైనా ఇరుక్కుంటాడు. తర్వాత బేతమంగళం వైపు గుంతల రోడ్డు మీదికి పంపేవాణ్ణి. భార్యను వెనక కూర్చోబెట్టుకుని పోయేవాడైతే ఆమె రావాల్సిందే. ముందు కూర్చున్నవాడికి బండి మీద మోజు ఉంటుంది. వెనక కూర్చున్న మనిషికి నడుము మాత్రమే ఉంటుంది, అందుకే ఆమె నిజం చెబుతుంది.

రెండు కంపెనీల బళ్లు పోల్చుకోవాలంటే అదే రోజు, అదే రోడ్డు మీద, అదే బరువుతో రెండూ నడపాలి. ఇవాళ ఒకటి, వచ్చే ఆదివారం ఇంకొకటి అంటే గుర్తుండేది బండి కాదు, షోరూములో ఇచ్చిన కాఫీ. ఎదుటి షోరూముకు కూడా పోయి చూసి రండని నేనే పంపేవాణ్ణి. నా తోటి సేల్స్ కుర్రాళ్లకు ఇది నచ్చేది కాదు. నచ్చాల్సిన అవసరం లేదనుకున్నాను, ఇప్పటికీ అంతే అనుకుంటున్నాను.

ఆ మూడు వారాలు

ఒక ఏడాది మా కంపెనీ కొత్త టూరింగ్ బండి దింపింది. రెండు పక్కలా రెండు, వెనక ఒకటి, సామాను పెట్టెలు కూడా కంపెనీవే. బొమ్మల్లో ఎక్కడ చూసినా ఆ పెట్టెలతోనే ఉండేది. నేను నా అలవాటు ప్రకారం పెట్టెల్లో ఇసుక మూటలు వేసి, ముళబాగిలు వైపు హైవే మీదికి తీసుకుపోయాను. వేగం ఎనభై దాకా పువ్వులా పోయింది. ఎనభై అయిదు దాటగానే వెనక భాగం పక్కలకు ఊగడం మొదలైంది. ఆ ఊపు హ్యాండిల్‌లోకి వచ్చింది. నేను బ్రేకు ముట్టుకోలేదు. యాక్సిలరేటరు మెల్లగా వదిలేస్తే సర్దుకుంది.

టైర్లలో గాలి చూశాను. హ్యాండిల్ బేరింగు బిగించాను. మళ్లీ నడిపాను, మళ్లీ అదే. పెట్టెలు తగిలించే స్టాండు మరీ వెనక్కి ఉంది. బరువంతా వెనక చక్రాన్ని దాటి వేలాడుతోంది. చలపతిగారికి చెప్పాను. ఆయన కంపెనీకి ఫోను చేశారు. మాకు అట్లాంటి ఫిర్యాదు ఎక్కడి నుంచీ రాలేదన్నారట. మర్నాడు చలపతిగారు నన్ను పిలిచి, డెమో బండికి పెట్టెలు తీసెయ్యి, డెలివరీ రోజు తగిలించి ఇద్దాం అన్నారు.

నేను తీసేశాను. ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాను. పెట్టెలు విప్పింది ఈ చేతులే. మూడు వారాలు ఆ బండిని ఖాళీగా చూపించాను.

ఆ మూడు వారాల్లో వచ్చినవాడు మునిరాజు. బూదికోటలో పోస్టాఫీసు గుమాస్తా. చిన్న బండి నడిపినవాడే గానీ పెద్దది కొత్త. భార్య పార్వతితో ధర్మస్థల దాకా పోయి, అక్కడి నుంచి సముద్రం ఒడ్డునే ఉత్తరానికి వెళ్లాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడు. బుద్ధిగా నడిపాడు, బుద్ధిగా ప్రశ్నలు అడిగాడు. పెట్టెలు తగిలించి సామాను వేసినా ఇట్లే పోతుందా అని కూడా అడిగాడు.

"అట్లే పోతాది" అన్నాను.

ఆసుపత్రిలో

మొదటి ప్రయాణంలోనే, పెట్టెల నిండా సామానుతో ముళబాగిలు దగ్గర చుట్టాలను చూసి వస్తుంటే పడ్డారు. వెనక భాగం ఊగగానే మునిరాజు బెదిరి బ్రేకు పట్టాడు. బండి రోడ్డు దిగి మట్టిలో పడింది. అతనికి భుజం ఎముక విరిగింది, పార్వతికి మణికట్టు. వెనక లారీ ఏదీ రాకపోవడం వాళ్ల అదృష్టం.

కోలారు ఆసుపత్రికి వెళ్లాను. అతను నన్ను చూసి లేవబోయాడు.

"నాదే తప్పు అన్నా. పెద్ద బండి అలవాటు లేదు. భయపడి బ్రేకు పట్టేసినాను. కొత్త బండి, పాడు చేసుకున్నాను" అన్నాడు.

నేను కమలాపండ్ల సంచీ బల్ల మీద పెట్టి, డాక్టరు ఏమన్నాడని అడిగాను. పార్వతి నా ముఖమే చూస్తోంది. నేను లేస్తుంటే అడిగింది.

"నువ్వు చెప్పన్నా. ఈయనకు చేతకాకనే పడినామా?"

రెస్టు తీసుకోండమ్మా అని చెప్పి వచ్చేశాను. గనిలో ఉన్నప్పుడు గానీ, షోరూములో గానీ నేను చేసిన పనుల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు. పెట్టెలు విప్పడం కంటే, అబద్ధం చెప్పడం కంటే అది నీచం. పడినవాడు తప్పు తన మీద వేసుకుంటుంటే, దాన్ని అక్కడే వదిలేసి బస్సెక్కాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. బండి ఊగుతుందని ముందే తెలుసన్నాను. పెట్టెలు తీసి చూపించానన్నాను. 

"ఆ పొద్దు నేను అడిగినాను కదన్నా" అన్నాడు మునిరాజు, పైకప్పు చూస్తూ.

"అడిగినావు. అబద్ధం చెప్పినాను."

అతను తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. పార్వతే మాట్లాడింది.

"మాకు చెప్పినావు, సరే. ఇంగ ఎవరికి చెప్తావు?"

సుజాత వచ్చిన రోజు

ఆ వారంలోనే మాస్తి నుంచి సుజాత అనే లెక్చరర్ వచ్చింది. బండి తనకే. తోడుగా తమ్ముడు వచ్చాడు. మా సేల్స్ కుర్రాడు పావుగంట సేపు ఆ తమ్ముడికే అన్నీ వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, బండి మీద కూర్చుని పాదాలు నేలకు ఆనించి చూసుకుని, నా వైపు తిరిగింది. తను ఒంటరిగా చాలా దూరం పోవాలని, మూడు పెట్టెలూ కావాలని, ఎదుటి షోరూము డెమో బండిని కూడా అదే గంటకు రాయించి పెట్టానని చెప్పింది. నా సలహా లేకుండానే సరిగ్గా చేసుకుని వచ్చిన మనిషిని మొదటిసారి అప్పుడే చూశాను.

నేను డెమో బండిని లోపలికి తోసుకుపోయి పెట్టెలు బిగించడం మొదలుపెట్టాను. బరువు కోసం వాటిలో ఆయిలు డబ్బాలు నింపాను. చలపతిగారు అద్దాల గదిలో నుంచి చూసి వచ్చారు.

"ఏం చేస్తా ఉండావు నారాయణప్పా?"

"మేడం పోయేది పెట్టెలతో సార్. పెట్టెలతోనే చూపిస్తా."

"నేను వద్దన్నానా లేదా?"

"అన్నారు సార్" అని ఆఖరి బోల్టు బిగించాను.

సుజాతకు బండి ఇవ్వలేదు. నేనే నడుపుతాను, మీరు ఎదుటి షోరూము బండి మీద నా వెనకాల, బాగా దూరంగా రండి, నా వెనక చక్రాన్నే చూడండి అని చెప్పాను. హైవే ఖాళీగా ఉన్న చోట ఎనభై అయిదుకు తీసుకుపోయాను. ఊగింది. వదిలేశాను, సర్దుకుంది. రోడ్డు పక్కకు ఆపాను. ఆమె వచ్చి ఆపి, హెల్మెట్ తీసింది.

"తోక ఆడించినట్ల ఆడతా ఉండాది. మీకు ఇది ముందే తెలుసా?" అని అడిగింది.

తెలుసన్నాను. మునిరాజు సంగతి కూడా చెప్పాను. 

రిజిస్టరు

మా దగ్గర టెస్ట్ రైడ్ రిజిస్టరు ఉండేది. ఆఖరి గడి అభిప్రాయానికి. అందులో మామూలుగా బాగుంది, ఆలోచిస్తామన్నారు అని రాసేవాళ్లం. నేను ఆ రోజు, పెట్టెలతో బరువు ఉన్నప్పుడు వేగంలో వెనక భాగం ఊగుతోంది, యజమానికి ఇంతకుముందే చెప్పాను అని రాసి సంతకం పెట్టాను. దాని కింద సుజాత కూడా సంతకం చేసి వెళ్లిపోయింది.

చలపతిగారు కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యనన్నాను. ఆయన అరవలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"ఈ షోరూము మూతపడితే ఇరవై మంది ఇండ్లకు పోతారు. గని మూసినప్పుడు నీ ఇంట్లో ఏమయిందో మర్చిపోయినావా?"

ఆ మాట నన్ను నిజంగా తాకింది. ఆ రెండేళ్ల రైలు ప్రయాణాలు, లైన్లలో తాళాలు పడిన ఇళ్లు, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. ఆయనకు అది తెలిసే అన్నారు.

"మర్చిపోలేదు సార్. కానీ మా ఇంజను మీద తెలిసి తెలిసి చెడిన కేజీలో ఎవరినీ దింపలేదు. నేను ఇక్కడ ఒకరిని దింపినాను. ఇంగ దింపను."

రేపటి నుంచి రావద్దన్నారు. నా స్పానర్ల సంచీ తీసుకుని వచ్చేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడొక మాట. యజమానులందరూ దుర్మార్గులని నేను చెప్పడం లేదు. చలపతిగారు దుర్మార్గుడు కాదు. మా ఇంట్లో పెళ్లికి వచ్చి వడ్డన కూడా చేసిన మనిషి. అంత మంచివాడు కూడా, భయం పట్టుకుంటే, నీ చేత పెట్టెలు విప్పిస్తాడు. అందుకే మంచివాడు చెప్పాడు కదా అని చెయ్యొద్దు.

కంపెనీ మనిషి

మునిరాజు పోస్టాఫీసు మనిషి. ఉత్తరాన్ని ఎట్లా పంపితే అవతలివాళ్లు అందలేదని అనలేరో అతనికి తెలుసు. కట్టు విప్పకముందే ఎడమ చేత్తో కంపెనీకి రాశాడు. సుజాత కూడా రాసింది. నెల తర్వాత కంపెనీ ఆఫీసరొకరు వచ్చి, మునిరాజునూ నన్నూ షోరూముకు పిలిపించాడు.

రిజిస్టరు ఏదని అడిగితే, దుమ్ము దులిపేటప్పుడు ఎక్కడో పోయిందని చలపతిగారు చెప్పారు. నా వైపు చూడకుండా చెప్పారు. ఆఫీసరు నన్ను చూసి, పనిలోంచి తీసేసిన కోపంతో ఇట్లా అంటున్నారేమో అన్నాడు. షోరూము రాతలో ఏమీ లేదు కదా అన్నాడు.

"కాగితం లేదు సార్. బండి ఉండాది కదా. పెట్టెలు బిగిద్దాం. మీరు నా వెనక కూర్చోండి" అన్నాను.

అతను నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. మునిరాజు విరిగిన భుజంతో నిలబడి అతని వైపే చూస్తున్నాడు. ఆఫీసరు కోటు తీసి కుర్చీకి తగిలించి, హెల్మెట్ అడిగాడు.

అదే రోడ్డు. ఎనభై దగ్గర, ఇంక చూసుకోండి సార్ అని కేక వేశాను. మొదటి ఊపుకే నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. వేగం దించి పక్కకు ఆపాను. అతను దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, పెట్టెల స్టాండును చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. 

తర్వాత కంపెనీ స్టాండు మార్చింది. అమ్మిన బళ్లన్నిటినీ వెనక్కి పిలిచి కొత్తది వేసింది. నాణ్యత మెరుగుపరిచామని రాసుకుంది. తప్పు జరిగిందని ఎక్కడా రాయలేదు. నన్ను మళ్లీ పనిలోకి పిలవలేదు. కోలారు, చింతామణి, బంగారుపేట, ఎక్కడి షోరూములోనూ తీసుకోలేదు. ఇతను నోరు ఆపడు అని మాట పోయింది. పోనివ్వండి. నేను నోరు ఆపిన మూడు వారాల్లో ఇద్దరి ఎముకలు విరిగాయి.

అప్పటి నుంచి కొనేవాళ్లే నన్ను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ పిలుస్తారు. నేను పోతాను. కొన్ని షోరూముల్లో నాకు కుర్చీ వెయ్యరు. నిలబడే ఉంటాను.

మునిరాజు మళ్లీ

మునిరాజు ఆ బండిని కంపెనీకే తిరిగి ఇచ్చేశాడు. ఏడాదిన్నర బండి ముట్టలేదు. తప్పు తనది కాదని నేను చెప్పాను, కంపెనీ పరోక్షంగా ఒప్పుకుంది, అయినా అతనిలో ఏదో నమ్మలేదు. బూదికోట నుంచి కోలారుకు బస్సులోనే తిరిగేవాడు. ఒకరోజు పార్వతి మా ఇంటికి ఫోను చేసి, ఆదివారం వస్తాము, నువ్వు మాతో రావాలన్నా అంది. ఆయనకు చెప్పావా అని అడిగితే, శనివారం చెప్తాను అంది.

ఎదుటి కంపెనీ షోరూముకు వెళ్లాం. వాళ్లు ఆటోలో రెండు సంచులు తెచ్చుకున్నారు. బట్టలు, స్టవ్వు, గిన్నెలు, బియ్యం. యాత్రకు ఏది తీసుకుపోతారో అదే. గుమ్మంలో ఒకతను నన్ను గుర్తుపట్టి, సార్‌ను లోపలికి రానివ్వద్దని మా మేనేజరు చెప్పారు అన్నాడు.

"అట్లైతే మేమూ రాము" అని పార్వతి మెట్ల మీదే కూర్చుంది, సంచులు పక్కన పెట్టుకుని. కాసేపటికి మేనేజరే వచ్చి లోపలికి రమ్మన్నాడు.

ముందు నేను పెట్టెలు, బరువుతో హైవే మీద నడిపి వచ్చాను. నూరు దాకా చూశాను. గీత గీసినట్టు పోయింది. మునిరాజుకు ఇచ్చాను. వెనక్కి తొయ్యమన్నాను. తోశాడు. ఎక్కే ముందు బ్రేకు రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. పార్వతి ఎక్కి కూర్చుంది. నంగిలి దాకా పోయి రండి, తొందరేమీ లేదు అన్నాను.

గంటలో వస్తారనుకున్నాను. గంటన్నర దాటింది. మేనేజరు గడియారం చూస్తూ నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. నేను గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాను. నాకు కూడా భయం వేసింది. వేయలేదని చెప్పను.

వచ్చారు. మునిరాజు బండి ఆపి స్టాండు వేశాడు. పార్వతి దిగి, హెల్మెట్ తీసి కళ్లు నలుపుకుంది. ఎట్లుందమ్మా అని అడిగాను. ఆమె తప్పు చేసినట్టు నవ్వింది.

"నంగిలి నుంచి వచ్చేటప్పుడు కొంచెం కన్ను మూతపడినాదన్నా."

మునిరాజు తల తిప్పి చూశాడు. "నా వెనకనా? నిద్రపోయినావా?"

"ఊ" అంది.

 అతను మా అందరికీ వీపు చూపిస్తూ ప్రహరీ దగ్గరికి నడిచిపోయి, చాలాసేపు అటే నిలబడ్డాడు. పార్వతి అతని దగ్గరికి పోలేదు. పోనక్కరలేదని ఆమెకు తెలుసు.

షోరూము కుర్రాడు ఫారం పట్టుకుని వచ్చాడు. బ్రేకులకు అయిదుకు ఎన్ని మార్కులు, సీటుకు ఎన్ని, ఇంజనుకు ఎన్ని అని గడులున్నాయి. అవన్నీ వదిలేసి, వెనక కూర్చున్నామె నిద్రపోయింది అని రాయమన్నాను. అట్లా రాసేదానికి ఇందులో చోటు లేదు సార్ అన్నాడు.

"వెనక పేజీలో రాయి" అన్నాను. అతను రాసేదాకా అక్కడే నిలబడ్డాను.